రోగుల సొంత వస్తువుల సంరక్షణ: ఉప్పల్, నాచారం ఆస్పత్రుల నేపథ్యంలో

ఆస్పత్రిలో చేరిన మనిషి ఒంటి మీద, చేతిసంచిలో, దిండు కింద ఉన్న వస్తువులను చూసి, రాసుకుని, భద్రపరచి, తిరిగి అప్పగించే పనిని రోగుల సొంత వస్తువుల సంరక్షణ అంటారు. బట్టలు, చెప్పులు, నగలు, డబ్బు, సెల్‌ఫోను, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, వినికిడి యంత్రం, ఆధార్ కార్డు, పాత ప్రిస్క్రిప్షన్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు అన్నీ దీని కిందికే వస్తాయి. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆపరేషన్ థియేటర్ భద్రత, పోలీసు దర్యాప్తు, వారసత్వం, మానసిక రోగుల హక్కులు అన్నీ ఈ ఒక్క పని దగ్గర వచ్చి కలుస్తాయి.

ఉప్పల్, నాచారం హైదరాబాదు తూర్పు అంచున, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. రెండు చోట్లా పారిశ్రామికవాడలున్నాయి. మల్లాపూర్ ఆనుకునే ఉంది, చర్లపల్లి ఇంకాస్త అవతల. ఈ వాడల కార్మికుల కోసం నాచారంలో ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) ఆస్పత్రి నడుస్తోంది. పెద్ద రోడ్ల వెంట ప్రైవేటు ఆస్పత్రులు, నర్సింగ్ హోములు ఉన్నాయి. వరంగల్ హైవే, ఇన్నర్ రింగ్ రోడ్డు ఉప్పల్ చౌరస్తాలో కలుస్తాయి కాబట్టి రోడ్డు ప్రమాదాల కేసులకూ కొదవ ఉండదు. ఇలాంటి చోట క్యాజువాల్టీకి వచ్చే మనిషి చాలాసార్లు ఇంటి నుంచి రాడు. మిషన్ దగ్గర నుంచో, రోడ్డు మీద నుంచో వస్తాడు. బట్టలు సర్దుకునే వ్యవధి ఉండదు. ఒంటి మీద కంపెనీ యూనిఫాం, మెడలో గుర్తింపు కార్డు, జేబులో బండి తాళం, చేతిలోనో బండి హ్యాండిల్‌కో టిఫిన్ క్యారేజీ, ఒక హెల్మెట్: ఆ పూటకు అతని ఆస్తి అదే. వెంట వచ్చేది భార్యో తమ్ముడో కాదు, తోటి కార్మికుడు లేదా సూపర్‌వైజరు. వస్తువులను ఎవరి చేతికి ఇవ్వాలన్న చిక్కు అక్కడే మొదలవుతుంది.

బాధ్యత ఎవరిది

ప్రైవేటు ఆస్పత్రులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం ఉండేది. తరవాత తెలంగాణ 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టాన్ని స్వీకరించింది. ఇలాంటి చట్టాలకు పడకలు, సిబ్బంది, పరికరాలు, రికార్డులే ముఖ్యం. రోగి గొలుసు పోతే ఎవరు జవాబు చెప్పాలన్నదానికి మాత్రం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దాకా వెళ్ళాలి. ఒకరి వస్తువును మరొకరు ఒక పని కోసం తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇవ్వాల్సి ఉంటే దాన్ని ఆ చట్టం 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. తీసుకున్నవారు ఆ వస్తువు తమదే అయితే మామూలు వివేకం గల మనిషి ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త పడాలని 151వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి చేతులు మారడమే ఇక్కడ కీలకం. రోగి మంచం పక్క అరలో తనే పెట్టుకున్న పర్సు వేరు, నర్సు తీసి కవర్లో వేసిన గొలుసు వేరు.

వార్డు గోడల మీద ‘మీ వస్తువులకు మీరే బాధ్యులు’ అన్న బోర్డు తరచూ కనిపిస్తుంది. మొదటి రకం వస్తువు విషయంలో ఆ బోర్డుకు కొంత బలం ఉంది. రెండో రకానికి వచ్చేసరికి అది నీరుగారిపోతుంది. హోటల్‌కు పార్కింగ్ కోసం అప్పగించిన కారు 1998లో దొంగతనానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. ‘యజమాని రిస్కు మీద’ అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన, తన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి హోటల్ తప్పించుకోలేదని ఆ తీర్పు సారాంశం. ఆస్పత్రికీ ఇదే తర్కం వర్తిస్తుంది. పైగా హోటల్‌కు వచ్చినవాడు తాళం ఇవ్వనని అనగలడు. మత్తులో ఉన్న రోగికి ఆ మాట అనే వీలే లేదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది తరవాతి ప్రశ్న. డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆస్పత్రులు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ఈఎస్ఐలో బిల్లు కట్టక్కర్లేదు కాబట్టి అక్కడి రోగి వినియోగదారుడు కాడని చాలాకాలం వాదించారు. 2007లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కార్మికుడి జీతంలోంచి, యజమాని ఖాతాలోంచి చందా వెళుతోంది కాబట్టి అది ఉచిత సేవ కాదంది. 2019 జులై నుంచి ఆ చందా కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నాచారంలో చేరే కార్మికుడికి ఈ తీర్పు నేరుగా పనికొస్తుంది.

రిజిస్టరు

ఏ ఆస్పత్రి అయినా మొదట చెప్పే మాట నగలు, డబ్బు ఇంటికి పంపేయమని. అన్నింటికన్నా మంచి పద్ధతీ అదే. పంపడానికి మనిషి లేనప్పుడే రిజిస్టరు అవసరం. అందులో తేదీ, వేళ, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, మంచం నంబరు, వస్తువు వివరం ఉంటాయి. ఇచ్చినవారు, తీసుకున్నవారు, సాక్షి సంతకాలు చేస్తారు. రాయడం ఒక్కరి చేతి మీద జరగకూడదు, ఇద్దరు సిబ్బంది ఉండాలి. నోట్లను విలువ వారీగా లెక్కపెట్టి రాస్తారు. కవరు అంటించాక అతుకు మీద అడ్డంగా సంతకం పెడితే తరవాత ఎవరైనా విప్పారో లేదో తెలిసిపోతుంది.

వస్తువును వర్ణించే భాష మీద కొత్త నర్సులకు ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుంది. ‘బంగారు గొలుసు’ అని రాయకూడదు, ‘పసుపు రంగు లోహపు గొలుసు, ఒకటి’ అని రాయాలి. ‘వజ్రపు ముక్కుపుడక’ కాదు, ‘తెల్లరాయి పొదిగిన ముక్కుపుడక’. పోలీసు పంచనామాలలోని వాడుకే ఇది. రాసేవారికి కంసాలి పరిజ్ఞానం ఉండదు. బంగారమని రాసి తీసుకున్నాక తిరిగి ఇచ్చినప్పుడు అది గిల్టు అని తేలితే, మార్చేశారన్న నింద సిబ్బంది మీద పడుతుంది. తూకం వేసే వీలుంటే గ్రాములు రాయడం, ఫోటో తీసి పెట్టుకోవడం ఇంకా మేలు.

వివాదాలు ఎక్కువగా పుట్టేది డ్యూటీ మారే వేళల్లో. ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు సిబ్బంది మారే వార్డులో ఒకే కవరు రోజుకు మూడుసార్లు చేతులు మారుతుంది. మత్తుమందుల అల్మరా తాళాన్ని లెక్కతో అప్పగించినట్టే, ఈ కవర్ల లెక్కనూ అప్పగించాలి. ఆ లెక్క రాయని పూట పోయిన వస్తువును పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

నాచారం వాడల్లో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు చాలామంది ఉన్నారు. రిజిస్టరు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం పేరుకే రసీదు. హిందీలో చదివి వినిపించామని ఒక వాక్యం రాసి, అలా వినిపించినవారి సంతకం తీసుకుంటే దానికి విలువ వస్తుంది. ఫోను, జీతం డబ్బు కాంట్రాక్టరు చేతికి ఇచ్చేయడం ఇలాంటి చోట్ల సులువుగా జరిగే తప్పు. రోగి స్పృహలో ఉండి ఫలానా వారికి ఇవ్వమంటేనే ఇవ్వాలి. పని ఇచ్చినంత మాత్రాన కాంట్రాక్టరు బంధువు కాడు.

అసలు కాగితాల సంగతీ ఇంతే. రేషను కార్డు, ఆధార్, ఈఎస్ఐ కార్డు ఏవైనా నకలు తీసుకుని అసలు వెంటనే తిరిగి ఇవ్వాలి. బిల్లు కట్టేదాకా రోగిని గానీ, చనిపోతే మృతదేహాన్ని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. బిల్లు కోసం అసలు కార్డును అట్టిపెట్టుకోవడం అదే పని వేరే రూపంలో చేయడం.

ఆపరేషన్‌కు ముందు

ఆపరేషన్ థియేటర్‌కు పంపే ముందు ఒంటి మీద లోహం, దారం, కదిలేవి ఏవీ ఉండకూడదన్నది నియమం. పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు, పట్టీలు, ముక్కుపుడక, గాజులు, ఉంగరాలు, జడ పిన్నులు, మొలతాడు, తాయెత్తు, చేతి ఎర్రదారం తీయమంటారు. కారణాలు వేరువేరు. రక్తస్రావం ఆపడానికి వాడే విద్యుత్ కాటరీ నడిచేటప్పుడు చర్మానికి తగిలి ఉన్న లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది. సెలైన్ ఎక్కాక వేళ్ళు వాస్తే ఉంగరం బిగిసి రక్తం ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి ఒంటి మీదే ఉన్న దారంలో చెమట, మురికి, సూక్ష్మజీవులు పేరుకుని ఉంటాయి. గోళ్ళరంగు, ముదురుగా పండిన గోరింటాకు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు లెక్కను తప్పించవచ్చు కాబట్టి వాటినీ చూస్తారు.

పుస్తెలు తీయడం కేవలం నగ తీయడం కాదని ప్రతి ఆయమ్మకూ తెలుసు. ‘తీయండమ్మా’ అని నర్సు ఒక్క మాటలో అనేస్తే పెద్దవయసు ఆడవాళ్ళు కంటతడి పెడతారు, కొందరు ఆపరేషనే వద్దంటారు. తెలుగు ఇళ్ళలో దీనికి ఎప్పటి నుంచో ఒక మార్గం ఉంది: పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసి, పుస్తెలను ఇంటివాళ్ళ చేతికి ఇవ్వడం. ఆపరేషన్ పొట్ట మీదో కాలి మీదో అయితే చాలామంది మత్తు డాక్టర్లు కొత్త దారాన్ని అభ్యంతరపెట్టరు. మెడకూ ఛాతీకీ చేసే ఆపరేషన్లలో అది కుదరదు. అప్పుడు దాన్ని మణికట్టుకు కట్టడం, దిండు దగ్గర పెట్టడం వంటి సర్దుబాట్లు చేస్తారు. తాయెత్తుకూ, తాబీజుకూ, సిలువకూ, జపమాలకూ ఇదే మర్యాద దక్కాలి. ఎంతకీ రాని మెట్టెలు, ఉంగరాల మీద టేపు చుట్టి, ఆ సంగతి కేస్‌షీట్‌లో రాస్తారు.

ప్రెస్ మిషన్‌లో నలిగిన చేతితో వచ్చే కార్మికుడి విషయంలో ఉంగరం తీయడం నిమిషాల్లో జరగాలి. వాపు పెరిగే కొద్దీ అది వేలిని బిగిస్తుంది. సబ్బు నీళ్ళు, వేలి చుట్టూ ఒత్తుగా దారం చుట్టి మెల్లగా జరిపే పద్ధతి ముందు ప్రయత్నిస్తారు, లేకపోతే చిన్న రంపపు కట్టర్‌తో కోస్తారు. కోసిన ముక్కలు కూడా రోగి ఆస్తే. వాటినీ రిజిస్టరులో రాయాలి.

ఎంఆర్ఐ గదిలో ముప్పు ఇంకో రకం. అక్కడి అయస్కాంతం పరీక్ష లేని వేళా పనిచేస్తూనే ఉంటుంది. హెయిర్ పిన్ను దగ్గర నుంచి ఆక్సిజన్ సిలిండరు దాకా ఇనుముతో చేసిన ప్రతిదాన్నీ లాగేస్తుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆస్పత్రిలో రోగికి తోడుగా వచ్చిన బంధువు చేతిలో సిలిండరుతో లోపలికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందువల్ల గది బయట రోగినే కాదు, వెంట వచ్చినవారినీ తనిఖీ చేసి వాచీలు, తాళాలు, ఏటీఎం కార్డులు తీయించాలి. అలా తీయించినవి పెట్టడానికి తాళం ఉన్న అర లేకపోతే వాటికి కాపలా ఎవరూ ఉండరు.

కళ్ళజోడు, పళ్ళసెట్టు, ఫోను

వార్డులో ఎక్కువగా పోయేవాటిలో బంగారం కన్నా ముందు చెప్పుకోవలసింది కట్టుడు పళ్ళు. తిన్నాక తీసి కాగితంలో చుట్టి పళ్ళెంలో పెడతారు, పళ్ళెంతోపాటు అవీ చెత్తబుట్టలోకి పోతాయి. దుప్పటి మడతలో ఉండిపోతే లాండ్రీకి వెళతాయి. మూత ఉన్న డబ్బా, దాని మీద పేరు, ఐపీ నంబరు ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. పళ్ళసెట్టు లేని ముసలాయన గట్టి అన్నం తినలేడు, మాట అర్థం కాదు. మత్తు ఇచ్చే ముందు మాత్రం వాటిని తీసి తీరాలి, లేకపోతే గొంతులోకి జారవచ్చు.

కళ్ళజోడు, వినికిడి యంత్రం సంగతి ఇంకా లోతైనది. ఐసీయూలో పగలూ రాత్రీ తేడా తెలియక, కళ్ళు కనిపించక, మాటలు వినిపించక వృద్ధులు అయోమయంలో పడతారు, సెలైన్ గొట్టాలు పీకేస్తారు. స్పృహ వచ్చిన వెంటనే కళ్ళజోడు పెట్టి, చెవి యంత్రం తగిలించడం ఈ అయోమయాన్ని తగ్గించే వైద్య సలహాల్లో ఒకటి. భద్రం పేరుతో వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తే వస్తువు మిగిలినా రోగికి మేలు జరగదు.

ఇంటి మాత్రలను దిండు కింద ఉంచనివ్వకూడదు. వార్డులో ఇచ్చే షుగర్ మాత్రకు తోడు ఇంటి మాత్ర కూడా వేసుకుని రక్తంలో చక్కెర పడిపోయే ముప్పు ఉంది. ఇన్సులిన్ పెన్ను అయితే పేరు రాసి పెట్టాలి.

ఫోను ఇప్పుడు పర్సు, టెలిఫోను డైరీ, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ కలిసిన వస్తువు. స్పృహ లేని రోగి వేలు పట్టుకుని ఫోను తెరవడం, బంధువుల నంబరు కోసమే అయినా, గోప్యతను మీరడమే. ఎన్నో ఫోన్లలో తాళం తీయకుండానే అత్యవసర నంబర్లు చూపే సదుపాయం ఉంది. లేకపోతే వచ్చే కాల్ ఎత్తి విషయం చెప్పడం, పోలీసుల ద్వారా ఆచూకీ తీయడం సరైన దారులు. రాత్రుళ్ళు వరండాలో చాప పరుచుకుని పడుకునే అటెండెంట్ల ఫోన్లే ఎక్కువగా దొంగతనమవుతాయి. ప్లగ్గు ఒక చోట, పడక ఒక చోట ఉండటం దానికి సగం కారణం.

ప్రమాద కేసులు

రోడ్డు ప్రమాదం, దాడి, కాలిన గాయాలు, విషం కేసులను మెడికో లీగల్ కేసులుగా నమోదు చేస్తారు. అక్కడ చొక్కా చొక్కాగా ఉండదు, సాక్ష్యం అవుతుంది. కత్తిపోటు చిరుగు మీదుగా కత్తెర పోనివ్వకూడదు, పక్క నుంచి కోయాలి. రక్తంతో తడిసిన బట్టను నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో తడి ఆరక బూజు పట్టి రక్తపు జాడలు పాడవుతాయి. ఒక్కో బట్టకు ఒక్కో కవరు. పోలీసులకు ఇచ్చేటప్పుడు అందుకున్నవారి పేరు, హోదా, సంతకం తీసుకోవాలి. కేసు కాని సందర్భంలో రక్తంలో తడిసిన బట్టలను ఇంటివాళ్ళు వద్దంటే, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అవి పసుపు సంచిలోకి వెళ్ళాలి.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది. గుర్తు తెలియని మనిషిని అంబులెన్సులో తెచ్చినప్పుడు జేబులో దొరికినవాటిని అక్కడికక్కడే క్యాజువాల్టీ సిబ్బంది ముందు లెక్కపెట్టి రాయించాలి. రోడ్డు మీద గుమిగూడిన జనం, అంబులెన్సు, స్ట్రెచరు, ఎక్స్‌రే గది: ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడ ఏం పోయిందో ఆ మొదటి జాబితా లేకుండా ఎవరూ చెప్పలేరు.

మానసిక చికిత్సాలయాలు, డీ-అడిక్షన్ కేంద్రాలు

ఇక్కడ ప్రశ్న తలకిందులవుతుంది. మామూలు వార్డులో వస్తువును కాపాడాలి, ఇక్కడ వస్తువు నుంచి రోగిని కాపాడాలి. బ్లేడు, బెల్టు, షూ లేసు, చున్నీ, చార్జరు వైరు, గాజు సీసా, అగ్గిపెట్టె, గుట్కా పొట్లం చూసి తీసేస్తారు. అలాగని అన్నీ లాగేసుకోవడానికి వీల్లేదు. 1912 నాటి లూనసీ చట్టం, 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగి ఆస్తిపాస్తుల నిర్వహణకు అధ్యాయాలు కేటాయించాయి. 2017 ఏప్రిల్ 7న రాష్ట్రపతి ఆమోదం పొందిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాటిని వదిలేసి, రోగి ఒంటి మీది బట్ట గురించి మాట్లాడింది. 20వ సెక్షన్ ప్రకారం రోగి కోరుకుంటే సొంత బట్టలు వేసుకోవచ్చు, సంస్థ యూనిఫాం బలవంతంగా తొడిగించకూడదు. బలవంతంగా గుండు చేయకూడదు. ఆడవాళ్ళకు నెలసరి అవసరాల వస్తువులు అందుబాటులో ఉంచాలి. 26వ సెక్షన్ సంస్థ నియమాలకు లోబడి తగిన వేళల్లో ఫోను మాట్లాడే, ఈమెయిల్ పంపే హక్కు ఇచ్చింది. అందువల్ల ‘లోపలికి ఫోను నిషేధం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం చట్టానికి నిలవదు. ఏ వస్తువు ఎవరికి ప్రమాదమో మనిషి మనిషికీ చూసి, కారణం రాసి, పరిస్థితి మారగానే తిరిగి ఇవ్వాలి.

2017 చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన ప్రతిసారీ 5 లక్షల దాకా జరిమానా ఉంది. కుటుంబాలు డీ-అడిక్షన్ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ఆ ధ్రువపత్రంతోపాటు వస్తువుల రసీదు పుస్తకాన్నీ చూపమని అడగడం తప్పు కాదు.

బదిలీ, డిశ్చార్జి, మరణం

నాచారం ఈఎస్ఐ నుంచి పెద్ద వైద్యం కోసం సనత్‌నగర్ ఈఎస్ఐకి పంపడం మామూలే. మెట్రోలో ‘ఈఎస్ఐ హాస్పిటల్’ స్టేషను సనత్‌నగర్ వైపుది, నాచారానిది కాదు. సంచీ పట్టుకుని వెనక బయలుదేరే బంధువు ఈ పేరు దగ్గర తికమక పడవచ్చు. రోగి ఒక చోట, వస్తువులు ఒక చోట చిక్కుకోకుండా బదిలీ పత్రంలోనే వస్తువుల వరుస ఉండాలి, అక్కడి సిబ్బంది సంతకం ఇక్కడికి తిరిగి రావాలి.

డిశ్చార్జి రోజున కవరు రోగి ఎదుటే విప్పి, జాబితాతో సరిచూసి, ‘అన్నీ అందాయి’ అని రాయించుకుంటారు. హడావుడిలో ఈ సంతకం ముందే పెట్టించేసే అలవాటు ఉంది. అది రిజిస్టరు పెట్టిన ప్రయోజనాన్నే పోగొడుతుంది.

రోగి చనిపోతే ఒంటి మీది వస్తువులను ఇద్దరి సమక్షంలో తీసి, మృతదేహాన్ని తీసుకునే దగ్గరి బంధువుకు రసీదు మీద ఇస్తారు. పుస్తెలు, మెట్టెలు అప్పుడే తీయవద్దని కుటుంబం కోరితే అలాగే ఉంచి ‘శవం మీద ఉన్నవి’ అని రాయడం మంచిది. భార్యకూ తల్లిదండ్రులకూ, అన్నదమ్ములకూ మధ్య తగువు ఉంటే ఆస్పత్రి ఎవరి పక్షమూ తీసుకోకుండా పోలీసులకు అప్పగించి, కోర్టు చెప్పినవారికి చేరేలా చూడాలి. శవం మీది వస్తువులను కాజేయడాన్ని భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ వేరే నేరంగా చూస్తుంది. శిక్ష మూడేళ్ళ దాకా ఉంటుంది, చేసినవాడు మృతుడి దగ్గర పనిచేసే గుమాస్తా లేదా నౌకరు అయితే ఏడేళ్ళ దాకా పెరుగుతుంది. 2020, 2021 కోవిడ్ వార్డుల్లో అటెండెంట్లు లేకపోవడంతో ఈ అప్పగింత తెగిపోయింది. ఫోను, ఉంగరం ఏమయ్యాయో తెలియని కుటుంబాలు దేశమంతటా కనిపించాయి.

ఎవరూ రాని వస్తువులు మిగులుతాయి. విలువైనవి పోలీసుల దగ్గరికి వెళతాయి. వారు స్వాధీనం చేసుకున్న వస్తువు ఎవరిదో తెలియనప్పుడు మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి, హక్కుదారు రావడానికి ఆరు నెలల గడువు ఇస్తారు. హెల్మెట్లు, చెప్పులు, ఫ్లాస్కులు, చేతికర్రలు, మూత పోయిన టిఫిన్ గిన్నెలు వార్డు వెనక స్టోర్‌గదిలో చేరతాయి. వాటికి తేదీ చీటీ అంటించి, గడువు దాటాక ఎవరి అనుమతితో తీసేశారో రాసి పెట్టడం హెడ్ నర్సు పని.